చౌరంగీ మీద షికాగో పియానో

కోల్‌కతాలో ఎస్‌ప్లనేడ్ దగ్గర మెట్రో దిగి మెట్లెక్కి పైకొస్తే చౌరంగీ. సర్కారు కాగితాల్లో జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు, జనం నోట మాత్రం ఇప్పటికీ చౌరంగీయే. రోడ్డుకు ఒక పక్క కనుచూపు మేర మైదాన్. ఇంకో పక్క పొడుగ్గా సాగిన తెల్లటి మేడ. ఆ మేడ కింద స్తంభాల నీడన అచ్చమైన పేవ్‌మెంట్ బజారు: బనియన్లు, బెల్టులు, చెవిపోగులు, ఫోన్ కవర్లు. వెనక్కి తిరిగితే 1874 నాటి న్యూ మార్కెట్. ఈ బేరసారాల గోల మధ్యే ఒకచోట గ్రాండ్ హోటల్ గుమ్మం ఉంటుంది. పరధ్యానంగా నడిస్తే దాటిపోతాం.

ఈ హోటల్ గురించి రాసేవాళ్లంతా యజమానుల గురించే రాస్తారు. అందులో తప్పేమీ లేదు, యజమానుల కథలు బాగుంటాయి. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ మేడలో జీతానికి పియానో వాయించిన ఒక మనిషి ఉన్నాడు. పేరు టెడ్డీ వెదర్‌ఫర్డ్. షికాగోలో జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన కూర్చుని వాయించిన నల్లజాతి అమెరికన్. ఆయన పేరు జాజ్ చరిత్ర పుస్తకాల్లో వెతికితే సాధారణంగా ఒక పేరాలో దొరుకుతుంది, ఆ పేరా కూడా 1926తో ఆగిపోతుంది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు వాయించాడు, దాదాపు అంతా ఆసియాలోనే. చివరి ఊరు ఇదే.

యజమానుల సంగతి క్లుప్తంగా చెప్పుకుని ముందుకు వెళ్దాం, ఎందుకంటే టెడ్డీ కథకు అదీ కావాలి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన అరతూన్ స్టీఫెన్ అనే ఆర్మేనియన్ ఇక్కడ నగల వ్యాపారంతో మొదలుపెట్టి, చౌరంగీలో పూటకూళ్ల ఇళ్లు ఒక్కొక్కటే కొనుక్కుంటూ వచ్చాడు. పక్కనున్న థియేటర్ రాయల్ 1911లో కాలిపోతే ఆ జాగా కూడా కలుపుకుని హోటల్ పెంచాడు. ఆయన పోయాక, 1930లలో హోటల్లో టైఫాయిడ్ వచ్చి మనుషులు చనిపోయారు. నీళ్లు, డ్రైనేజీ మంచివి కావని పేరుపడింది. 1937లో మూతపడింది. సిమ్లాలో హోటల్ గుమాస్తాగా మొదలైన మోహన్‌సింగ్ ఒబెరాయ్ మరుసటి ఏడు దాన్ని లీజుకు తీసుకున్నాడు, 1943లో కొనేశాడు. చచ్చుబేరం అని అప్పట్లో అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. యుద్ధం వచ్చి ఆ బేరాన్ని బంగారం చేసింది. నాలుగు వేల మంది దాకా సైనికులకు ఆ హోటల్లో బస అని చెబుతారు. సాయంత్రమైతే అంతమందికీ తిండి, మందు, సంగీతం కావాలి. సంగీతం మాట చూసుకోవడం టెడ్డీ పని.

ఆయన పుట్టింది 1903 అక్టోబరులో, వర్జీనియా రాష్ట్రంలో పోకహాంటస్ అనే బొగ్గు గనుల ఊళ్లో. పన్నెండేళ్ల వయసులో న్యూ ఆర్లియన్స్ చేరాడు. పియానో అక్కడే పట్టుబడింది. 1920ల మొదట్లో, దక్షిణాది నుంచి నల్లవాళ్లు లక్షల సంఖ్యలో ఉత్తరాదికి తరలుతున్న కాలంలో, ఆ ప్రవాహంతో పాటే షికాగో వెళ్లాడు.

అప్పటి షికాగో సౌత్ సైడ్‌లో వెండోమ్ అని ఒక సినిమా హాలు ఉండేది. మూకీల రోజులు కాబట్టి తెర ముందు ఆర్కెస్ట్రా కూర్చునేది. ఎర్స్‌కిన్ టేట్ అనే ఆయన ఆ ఆర్కెస్ట్రా నడిపేవాడు. సినిమాకు ముందు ఒపెరా తునకలు, సినిమా నడుస్తుంటే సన్నివేశానికి తగ్గ సంగీతం, విరామంలో వేడి వేడి జాజ్. జనం సినిమా కోసం కాక ఆర్కెస్ట్రా కోసం టిక్కెట్టు కొనే హాలు అది. 1925 చివర్లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఇందులో చేరాడు. పియానో దగ్గర టెడ్డీ. ఒకే రాత్రి ఒపెరా స్వరలిపి చూసి వాయించాలి, ఆ వెంటనే కాగితం పక్కన పెట్టి గుండెలోంచి వాయించాలి. ఆ తర్వాత జీవితమంతా హోటల్ బాల్‌రూముల్లో ఏ ఊరి పెద్దమనుషులు ఏది అడిగినా వాయించగలిగాడంటే, ఆ సత్తా ఈ హాల్లో వచ్చిందే.

1926 మే 28న ఈ ఆర్కెస్ట్రా వొకాలియన్ కంపెనీకి ఒక గ్రామఫోన్ ప్లేటు ఇచ్చింది. ఒక వైపు ‘స్టాటిక్ స్ట్రట్’, రెండో వైపు ‘స్టాంప్ ఆఫ్, లెట్స్ గో’. ఆర్మ్‌స్ట్రాంగ్ కోర్నెట్ కోసం ఈ ప్లేటును ఇప్పటికీ వింటారు. పియానో రెండింట్లోనూ కాసేపు ముందుకొస్తుంది. వినేవాళ్లు చాలామంది ఆ కాసేపూ కోర్నెట్ మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు, అది వేరే సంగతి. మన కచేరీలో మృదంగమూ వయొలినూ పంచుకునే పనిని పియానోలో ఒక్క మనిషే చెయ్యాలి: ఎడమచెయ్యి తాళం నిలబెట్టాలి, కుడిచెయ్యి పాట నడపాలి. టెడ్డీ ఎడమచెయ్యి బలం ఆ కాస్తలోనే తెలిసిపోతుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రా అతని కిందే పరుగెత్తుతున్నట్టుంటుంది.

ఆ రోజుల్లోనే పిట్స్‌బర్గ్ వైపు నుంచి ఎర్ల్ హైన్స్ అనే కుర్రాడు షికాగో వచ్చాడు. తర్వాత జాజ్ పియానోకే పెద్దదిక్కు అనిపించుకున్న హైన్స్. అతను వచ్చేనాటికి ఊళ్లో పియానో అంటే టెడ్డీయే. హైన్స్ మీద ఆయన ప్రభావం ఉందన్నది జాజ్ చరిత్రకారులు ఒప్పుకున్న మాట. రెండేళ్లు తిరిగేసరికి, 1928లో, హైన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన కూర్చుని ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ వాయించాడు. ఆ ప్లేటుతో జాజ్ పియానో చరిత్రలో ఒక కొత్త అధ్యాయం మొదలైందంటారు. అప్పుడు టెడ్డీ ఎక్కడున్నాడు? షాంఘైలో. షికాగోలోనే ఉండి ఉంటే ఆ కుర్చీ ఆయనదే అయ్యేదా అని జాజ్ పిచ్చోళ్లు వాదించుకోవచ్చు. నాకు ఆ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. వెళ్లినవాడు ఏం చేశాడన్నదే అసలు కథ.

1926లో జాక్ కార్టర్ అనే డ్రమ్మర్ తన బృందాన్ని షాంఘై తీసుకెళ్తూ టెడ్డీని వెంటబెట్టుకున్నాడు. షాంఘై అప్పుడు సగం చైనా, సగం పరాయి కొలువు. బ్రిటిష్ వాళ్ల పెత్తనంలో అంతర్జాతీయ పేట, ఫ్రెంచి వాళ్లకు వేరే పేట, వాళ్ల చట్టాలు, వాళ్ల పోలీసులు. డబ్బున్నవాళ్లు రాత్రంతా నాట్యమాడే ఊరు. అమెరికాలో వెనక గుమ్మంలోంచి రావాల్సిన నల్ల వాద్యకారుడు అక్కడ పొడుగు కోటు తొడుక్కుని ముందు గుమ్మంలోంచి నడిచాడు. జీతం, పనివాళ్లు, పేరు, అన్నీ దొరికాయి. 1933 వేసవిలో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ షాంఘై వెళ్లినప్పుడు టెడ్డీని కలిశాడు, తన ఆత్మకథ రెండో సంపుటంలో ఆ ముచ్చట రాసుకున్నాడు.

టెడ్డీ అక్కడ వాద్యకారుడిగానే ఆగిపోలేదు. వేటకుక్కల పందేల మైదానం పక్కన కానిడ్రోమ్ అనే పెద్ద బాల్‌రూమ్ ఉండేది. దానికి బృందం కావాల్సొస్తే 1934లో కాలిఫోర్నియా వెళ్లి, బక్ క్లేటన్ అనే యువ ట్రంపెటర్‌ను అతని బృందంతో సహా ఓడెక్కించి తెచ్చాడు. టెడ్డీ ఒకే రాత్రి ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు తిరుగుతూ నాలుగుచోట్ల వాయించేవాడని క్లేటన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. క్లేటన్‌కు షాంఘై కలిసిరాలేదు. ఒక తెల్ల అమెరికన్‌తో బాల్‌రూమ్‌లో జరిగిన గొడవ తర్వాత ఆ ఉద్యోగం పోయింది. అమెరికా తిరిగివెళ్లి కౌంట్ బేసీ బృందంలో చేరాడు, ప్రఖ్యాతుడయ్యాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే బాల్‌రూమ్‌లో పనిచేశారు. వెనక్కి వెళ్లినవాడికి చరిత్రలో చోటు దొరికింది, ఉండిపోయినవాడికి లేదు. జాజ్‌లో పేరు నిలబడటానికి ఎలా వాయించాడన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ రికార్డు చేశాడన్నదీ అంతే ముఖ్యం. న్యూయార్క్ స్టూడియోకు ఎంత దూరంలో ఉంటే అంత మరుపు.

టెడ్డీ తర్వాతి మజిలీ బొంబాయి తాజ్‌మహల్ హోటల్. దాన్ని తెరిచింది కూడా ఆయన పుట్టిన 1903లోనే. 1935లో లియోన్ ఆబీ అనే వయొలినిస్టు నల్లజాతి అమెరికన్ల బృందాన్ని ఆ హోటల్‌కు తెచ్చాడు. అందులోని ముసలి ట్రంపెటర్ క్రికెట్ స్మిత్ మరుసటి ఏడు సొంత బృందం కట్టాడు. టెడ్డీ షాంఘై నుంచి వచ్చి ఇందులో చేరాడు. అరేబియా సముద్రం ఒడ్డున రాజాలు, పార్శీ సేట్లు, దొరలు నాట్యమాడుతుంటే వేదిక మీద అమెరికన్ల పక్కన గోవా కుర్రాళ్లు కూర్చున్నారు. ఫ్రాంక్ ఫెర్నాండ్ అనే ట్రంపెటర్ వాళ్లలో ఒకడు. చర్చిల్లో, పోర్చుగీసు బడుల్లో స్వరలిపి చదవడం నేర్చుకున్న వాళ్లకు కాగితం మీద లేనిది వాయించడం ఇక్కడ అబ్బింది. సాక్సఫోన్‌తో రూడీ కాటన్ ఉండేవాడు. పేరు చూసి అమెరికన్ అనుకునేరు, అసలు పేరు కావస్‌జీ ఖటావ్, పార్శీ. ఈ తరం వాద్యకారులే తర్వాత బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వరసకట్టారు. 1950లలో హిందీ పాటలో ట్రంపెట్ ఒక్కసారిగా గొంతు విప్పుకుని దూకుతుందే, ఆ దూకుడు వెనక తాజ్ బాల్‌రూమ్ ఉంది. ఫెర్నాండ్ తర్వాత కొంకణి సినిమాలు కూడా తీశాడు.

1937లో పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. టెడ్డీ ఆ వేసవిలో పారిస్ వెళ్లాడు. అక్కడ షార్ల్ దెలొనే, యూగ్ పనాసియే అనే ఇద్దరు ఫ్రెంచి జాజ్ వీరాభిమానులు అప్పుడే ‘స్వింగ్’ అనే లేబుల్ మొదలుపెట్టారు, కేవలం జాజ్ కోసం. వాళ్లు టెడ్డీని ఒంటరిగా పియానో ముందు కూర్చోబెట్టి కొన్ని ముక్కలు రికార్డు చేశారు. ‘టీ ఫర్ టూ’, ‘వెదర్ బీటెన్ బ్లూస్’ వాటిలో ఉన్నాయి. ఆయన అసలు ఎలా వాయించేవాడో చూపే సాక్ష్యం మనకు ఇంతే అనుకోవచ్చు. ‘టీ ఫర్ టూ’ అప్పటికే ప్రతి పియానో వాడూ అరగదీసిన పాట. టెడ్డీ దాన్ని ఎలాంటి తొందరా లేకుండా తీసుకుంటాడు. బ్లూస్‌లో మాత్రం వేగం తగ్గించి, న్యూ ఆర్లియన్స్‌లో చిన్నప్పుడు విన్నదేదో వేళ్లలో వెతుక్కుంటున్నట్టుంటాడు. ఇది గొప్ప పియానోయేనా? నా చెవికి మంచి పియానో, అక్కడక్కడా చాలా మంచి పియానో. హైన్స్‌లాగా ఉన్నట్టుండి తాళాన్ని గాల్లోకి విసిరి పట్టుకునే సాహసం ఇందులో తక్కువ. పదేళ్లుగా నాట్యమాడేవాళ్ల కోసం వాయిస్తున్నవాడికి తాళాన్ని గాల్లోకి విసిరే వీలుండదు, కింద జంటలు తూలిపోతాయి. అది ఆయన లోపమని నేను అనను, వృత్తి నేర్పిన అలవాటు.

ఆ తర్వాత బొంబాయి, కొలంబో, చివరికి కలకత్తా.

కలకత్తాకు యుద్ధం ఎలా వచ్చిందో తెలుగువాళ్లకు కొంత ఇంటి కథే. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బర్మాలో ఉన్న భారతీయులు, వాళ్లలో ఉత్తర కోస్తా నుంచి పొట్టకోసం వలసపోయిన వేలాది తెలుగు కుటుంబాలు, కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. ఏప్రిల్ 5న కొలంబో మీద, ఆ మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. డిసెంబరులో కలకత్తా వంతు వచ్చింది. వాద్యకారులు కూడా శరణార్థులై వచ్చారు. రంగూన్‌లో వాయిస్తుండిన క్లారినెట్ వాద్యకారుడు రూబెన్ సోలమన్, గిటారిస్టు సెడ్రిక్ వెస్ట్ అలా కలకత్తా చేరినవాళ్లే, ఇద్దరూ టెడ్డీతో కలిసి వాయించారు. గోవా వాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, బర్మా నుంచి వచ్చిన యూదులు, అమెరికన్ నల్లవాళ్లు, అందరూ ఒకే వేదిక మీద. యుద్ధం లేకపోతే ఇలాంటి బృందం ఎవరూ కూర్చలేరు.

బర్మా, చైనా సరిహద్దుల్లో పోరాడే అమెరికన్ సైన్యానికి కలకత్తా వెనక స్థావరం. అస్సాం నుంచి లెడో రోడ్డు వేస్తున్న అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. అప్పటి అమెరికన్ సైన్యం రంగును బట్టి విడదీసి ఉండేది. దళాలు వేరు, కలకత్తాలో సెలవుపై వచ్చినప్పుడు క్లబ్బులు వేరు. అదే ఊళ్లో గ్రాండ్ హోటల్ వేదిక మీద తెల్ల అఫీసర్లకు నాట్యం కట్టించేవాడు ఒక నల్ల అమెరికన్, పైగా నల్ల, తెల్ల, గోధుమ రంగులు కలగలిసిన బృందానికి నాయకుడు. ఇందులో విడ్డూరం అక్కడివాళ్లకు ఎంత తట్టిందో గానీ ఇప్పుడు చూస్తే కళ్లకు కడుతుంది.

కనబడే విడ్డూరం అదొక్కటే కాదు. 1943లో బెంగాల్‌ను కరువు మింగింది. పల్లెల నుంచి గంజి కోసం నడిచొచ్చినవాళ్లు చౌరంగీ పేవ్‌మెంట్ల మీద పడి చనిపోయారు. ప్రభుత్వం కరువు అనే మాటే పలకని రోజుల్లో ఆ ఏడు ఆగస్టులో ‘స్టేట్స్‌మన్’ పత్రిక వీధుల్లోని శవాల ఫొటోలు వేసింది. ఆ పత్రికాఫీసు గ్రాండ్ హోటల్‌కు నడిచి వెళ్లేంత దూరం. ముప్పై లక్షల మంది దాకా పోయారని అంచనా. గ్రాండ్‌లో ఆ కాలమంతా సాయంత్రాలు సాయంత్రాల్లాగే నడిచాయి. పియానో వాయించినవాడిని దీనికి నిలదియ్యడం న్యాయం కాదు. కానీ ఆనాటి కలకత్తా జాజ్‌ను తలుచుకుని మైమరిచిపోయి రాసేవాళ్లు ఆ స్తంభాల కింద ఏముందో కూడా రాయాలి.

టెడ్డీ ఎక్కువ ప్లేట్లు ఇచ్చింది ఈ ఊళ్లోనే. కొలంబియా లేబుల్ మీద, 1940ల మొదట్లో. ఇక్కడొక చిత్రమైన సంగతి ఉంది. 1942 ఆగస్టులో అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగు కంపెనీల మీద సమ్మె ప్రకటించింది. పెద్ద కంపెనీల్లో చివరివి దారికొచ్చేసరికి 1944 చివరి నెలలు. రెండేళ్లకు పైగా అమెరికాలో వాద్యబృందాలు ఆ కంపెనీలకు ప్లేట్లు ఇవ్వలేదు. పైగా ఓడల్లో సరుకు రావడం కష్టం. కలకత్తాలో ఉన్న వేలమంది అమెరికన్ కుర్రాళ్లకు ఇంటి పాటలు కావాలి. అప్పుడు ఊళ్లోనే ఉన్న షికాగో మనిషి ఆ పాటలు వాయించి రికార్డు ఇచ్చాడు. ‘బ్లూస్ ఇన్ ద నైట్’ 1941 నాటి హాలీవుడ్ సినిమా పాట. దాన్ని టెడ్డీ బృందం కలకత్తాలో వాయిస్తే డమ్‌డమ్‌లో ప్లేటు అచ్చొత్తారు.

డమ్‌డమ్ మనకు కొత్త పేరు కాదు. గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో 1908లో సియాల్దా దగ్గర ఫ్యాక్టరీ పెట్టి, తర్వాత డమ్‌డమ్‌కు మార్చింది. తాతల కాలంలో తెలుగిళ్లలో మోగిన పద్యాల ప్లేట్లు, నాటకాల సెట్లు, సినిమా పాటలు చాలావరకు అక్కడ అచ్చయి రైలెక్కి వచ్చినవే. కుక్క బొమ్మ చుట్టూ ఉన్న సన్నటి అక్షరాల్లో డమ్‌డమ్ అని చదివినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ప్లేట్లకు ముడిసరుకు లక్క. ఛోటా నాగ్‌పూర్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్క. షికాగో పియానో, మన నాటక పద్యం ఒకే ఫ్యాక్టరీలో, ఒకే లక్క మీద గాడులుగా పడ్డాయి. అంతకు పదేళ్ల ముందు చిత్తజల్లు పుల్లయ్య ‘సావిత్రి’, ‘లవకుశ’ తీసింది కూడా ఈ ఊళ్లోనే, ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి. తెలుగు పాటకు, తెలుగు బొమ్మకు ఒకప్పుడు కలకత్తాయే కార్ఖానా.

మరి ఆ కలకత్తా ప్లేట్లు ఎలా ఉన్నాయి? నిజం చెప్పాలంటే సగం మామూలు హోటల్ బ్యాండు సంగీతమే. మూడు నిమిషాల పాట, మధ్యలో గొంతు, చివర్లో ఊపు. సైనికుడు నాట్యానికి కొనుక్కునేది అది, కంపెనీ అచ్చొత్తేది అది. ‘బేసిన్ స్ట్రీట్ బ్లూస్’ లాంటి న్యూ ఆర్లియన్స్ పాట దగ్గరికొచ్చినప్పుడు మాత్రం పియానో మేల్కొంటుంది. ఆ వీధులు చూసినవాడు వాయిస్తున్నాడని తెలుస్తుంది. పారిస్‌లో దెలొనేలాంటి వాడు కలకత్తాలో ఒకడుండి, ఈ బృందాన్ని ఒక మధ్యాహ్నం నాట్యం పాటలు వద్దు, మీకు తోచింది వాయించండి అని స్టూడియోలో కూర్చోబెట్టి ఉంటే ఏం వచ్చేదో! అలాంటివాడు లేకపోయాడు. టెడ్డీ అంటే ఏమిటో తెలియడానికి ఈ ఊరిచ్చిన సాక్ష్యం, ఆయన ఈ ఊరికిచ్చిన ఏళ్లకు ఏమాత్రం సరితూగదు.

సాక్ష్యం ప్లేట్లలోనే ఉండాలని లేదు. టెడ్డీ బృందం కచేరీలు అమెరికన్ సైన్యం రేడియోలో ప్రసారమయ్యేవి. జిమ్మీ విదర్‌స్పూన్ అని ఆర్కన్సా రాష్ట్రపు కుర్రాడు, సరుకు ఓడల మీద పనిచేస్తూ కలకత్తా రేవుకొచ్చాడు. గ్రాండ్ హోటల్లో టెడ్డీ బృందంతో పాడాడు. అతని పేరు నలుగురికీ తెలిసింది ఆ రేడియో ప్రసారాలతోనే. యుద్ధం అయ్యాక అమెరికాలో జే మెక్‌షాన్ బృందంలో గాయకుడిగా చేరాడు, 1949లో ‘ఎయింట్ నోబడీస్ బిజినెస్’ పాటతో దేశమంతా మోగిపోయాడు. బ్లూస్ గాయకుల్లో పెద్దపేరు. షాంఘైలో క్లేటన్, బొంబాయిలో ఫెర్నాండ్, కలకత్తాలో విదర్‌స్పూన్. టెడ్డీ పక్కన నిలబడినవాళ్లు ఒడ్డున పడ్డారు.

1945 ఏప్రిల్ వచ్చింది. బెంగాల్‌లో వానలకు ముందు ఎండలు ముదిరే ఆ నెలలే కలరా కాలం. 1884లో రాబర్ట్ కోచ్ కలరా క్రిమిని పరిశీలించి తేల్చిచెప్పింది ఈ ఊరి చెరువు నీళ్లు చూశాకే. టెడ్డీకి కలరా సోకింది. ఏప్రిల్ 25న చనిపోయాడు. నలభై రెండేళ్లు నిండలేదు. యూరప్‌లో యుద్ధం ముగియడానికి ఇంకా పదమూడు రోజులు. సెలైన్ ఎక్కించడం కలకత్తా డాక్టర్లకు అప్పటికే తెలుసు, అయినా సమయానికి అందాలి కదా. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో కలరా రోగుల్ని వేలసంఖ్యలో బతికించవచ్చని దిలీప్ మహలనబీస్ ఇదే బెంగాల్‌లో, బన్‌గావ్ శరణార్థి శిబిరంలో రుజువు చేసింది 1971లో. హోటల్‌ను మూయించింది నీటి జబ్బే, ఆ హోటల్ బ్యాండ్ మాస్టర్‌ను తీసుకెళ్లిందీ నీటి జబ్బే.

యుద్ధం అయిపోయాక దొరలు వెళ్లిపోయారు, ఆంగ్లో ఇండియన్లలో చాలామంది ఇంగ్లండ్, ఆస్ట్రేలియా దారి పట్టారు. సెడ్రిక్ వెస్ట్ లండన్ వెళ్లి స్టూడియోల్లో గిటార్ వాయిస్తూ స్థిరపడ్డాడు. కలకత్తా రాత్రి జీవితం చౌరంగీ నుంచి కొంచెం దక్షిణంగా పార్క్ స్ట్రీట్‌కు జరిగింది. మొకాంబో, ట్రింకాస్, బ్లూ ఫాక్స్. 1970లలో బ్లూ ఫాక్స్‌లో పియానో వాయించిన లూయిజ్ బ్యాంక్స్ డార్జిలింగ్‌లో పుట్టిన నేపాలీ. తండ్రి కూడా వాద్యకారుడే, ఆర్మ్‌స్ట్రాంగ్ మీది అభిమానంతో కొడుక్కి ఆ పేరు పెట్టాడు. టెడ్డీ ఒకప్పుడు ఆ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కనే కూర్చుని వాయించాడన్న సంగతి పార్క్ స్ట్రీట్‌లో ఎంతమందికి తెలుసో చెప్పలేం.

తర్వాతి కాలంలో టెడ్డీని తిరిగి వెలుగులోకి తెచ్చినవాళ్లు ఉన్నారు. 1980లలో ఇంగ్లండ్‌లోని హార్లెక్విన్ లేబుల్ భారతదేశంలో రికార్డయిన పాత జాజ్‌ను ఎల్పీగా వేసింది. 2012లో ముంబై పాత్రికేయుడు నరేష్ ఫెర్నాండెస్ రాసిన ‘తాజ్‌మహల్ ఫాక్స్‌ట్రాట్’ బొంబాయి జాజ్ చరిత్ర అంతా కళ్ల ముందు పెట్టింది. అందులో టెడ్డీ ఒక పాదసూచికగా మిగిలిపోకుండా మనిషిగా నడుస్తాడు. ఇలాంటి పుస్తకం కలకత్తాకు ఒకటి, మద్రాసుకు ఒకటి రావాలి. మద్రాసు సినిమా ఆర్కెస్ట్రాల్లో ట్రంపెట్, సాక్సఫోన్ పట్టినవాళ్ల ప్రయాణాలు ఎవరు రాస్తారో చూడాలి. మన పాటల్లో వాళ్ల ఊపిరి ఎంత ఉందో మన దగ్గర లెక్క లేదు.

టెడ్డీని వినాలనుకునేవాళ్లకు ఒక సలహా. 1926 నాటి వెండోమ్ ప్లేటు ఆర్మ్‌స్ట్రాంగ్ సంకలనాల్లో సులువుగా దొరుకుతుంది, పియానో ముందుకొచ్చే చోటు ఒకటికి రెండుసార్లు వినండి. తర్వాత పారిస్ ముక్కలు, ముందు ‘వెదర్ బీటెన్ బ్లూస్’. కలకత్తా ప్లేట్లు చివర్లో వినండి. గొంతు పాడుతున్నప్పుడు పాటను వదిలేసి కింద నడుస్తున్న ఎడమచేతి మీద చెవి పెట్టండి. గాయకుడు అటూ ఇటూ తడబడ్డా ఆ చెయ్యి మాత్రం తడబడదు.